అమోఁ, అవాల్: మంచు వాలు మీద నేర్చుకున్న మాటలు

చలికాలం వచ్చిందంటే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ ఆఫీసుల్లో సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర ఒకటే కబురు. ఎవరు ఏ కొండకి వెళ్లారు, మంచు ఎలా ఉంది, కొండెక్కించే లిఫ్టుల దగ్గర ఎంత జనం ఉన్నారు. ఈ ఊరు వెర్కోర్, షార్త్రూజ్, బెల్దోన్ అనే మూడు పర్వత శ్రేణుల మధ్య ఉంటుంది. 1968 వింటర్ ఒలింపిక్స్ ఇక్కడే జరిగాయి. ఊళ్లోంచి తలెత్తి చూస్తే కనిపించే షామ్రూస్ కొండ మీదే ఆ ఏడాది ఫ్రెంచ్ స్కీ వీరుడు జాఁ-క్లోద్ కిల్లీ మూడు స్వర్ణాలు గెలిచాడు. అలాంటి చోట మాటలు స్కీయింగ్ వైపు మళ్లకుండా ఎలా ఉంటాయి?

హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్చుకునే వచ్చాను కాబట్టి బ్యాంకులోనూ డాక్టర్ దగ్గరా నాకు ఇబ్బంది లేదు. ఈ సోమవారం కబుర్లు మాత్రం అందేవి కావు. వాక్యం అర్థమయ్యేది, విషయం అర్థమయ్యేది కాదు. ‘ఫోర్ఫే’ అంటే నాకు తెలిసింది ఫోన్ ప్లాన్. వీళ్లు దాన్ని జాకెట్ జేబులో పెట్టుకుని కొండెక్కుతున్నారు. మధ్యాహ్నానికి మంచు ‘సూప్’ అయిపోయిందంటారు. ‘కార్’ పట్టలేదంటారు. స్కీయింగ్ నేర్చుకోవాలి, అదీ ఫ్రెంచ్‌లోనే నేర్చుకోవాలి అని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

స్కీ స్కూళ్లలో ఇంగ్లిష్ గ్రూపులు కూడా ఉంటాయి. స్నేహితులు చాలామంది అందులోనే చేరమన్నారు. కాలు నిలవక అవస్థ పడుతుంటే మధ్యలో భాషతో కూడా కుస్తీ ఎందుకని వాళ్ల ఉద్దేశం. నేను ఒప్పుకోలేదు. కొండ మీద బోర్డులు ఫ్రెంచ్‌లో ఉంటాయి, మైకులో ప్రకటనలు ఫ్రెంచ్‌లో వస్తాయి, వెనకనుంచి దూసుకొచ్చే మనిషి అరిచేది కూడా ఫ్రెంచ్‌లోనే. హెచ్చరిక ఏ భాషలో వస్తుందో ఆ భాషకే ఒళ్లు అలవాటు పడాలి కదా.

స్కీయింగ్ పదాల జాబితాలకు కొదవ లేదు. దాదాపు అన్నీ వస్తువులతో మొదలవుతాయి: హెల్మెట్, గ్లవ్స్, కళ్లద్దాలు, చేతికర్రలు. బొమ్మ చూపిస్తే చాలు కాబట్టి ఇవి నేర్పడం తేలిక. కానీ వాలు మీద టీచర్ నోట అవి అరుదుగా వినిపిస్తాయి. వినిపించేవన్నీ దిక్కులు, ఒంట్లోని భాగాలు, ఆజ్ఞలు. అందుకే, ఈ మాటలు నేర్చుకోవాలనుకునేవాళ్లు వస్తువుల్ని పక్కన పెట్టి వాలుతో మొదలుపెట్టాలని నేను అందరికీ చెబుతుంటాను.

వస్తువుల మాటలు నిజంగా అక్కరకొచ్చేది అద్దె షాపులో. అక్కడ ఎత్తు, బరువు, వయసు అడుగుతారు, ఆ తర్వాత ‘నివో’, అంటే ఏ స్థాయి అని. కొత్తవాళ్లయితే ‘దేబ్యూతాంత్’ అని మొహమాటం లేకుండా చెప్పేయాలి. ఈ వివరాలకి బూటు అడుగు పొడవు కూడా కలిపి ‘ఫిక్సాసియోఁ’ బిగింపు ఎంత పెట్టాలో చూసుకుంటారు. బూటును స్కీకి పట్టి ఉంచే భాగం అది. పడ్డప్పుడు అది తనంతట తాను ఊడిపోవాలి, లేకపోతే కాలు మెలిపడుతుంది. బరువు తగ్గించి చెప్పే అలవాటున్నవాళ్లు ఈ ఒక్కచోట నిజం చెప్పడం మంచిది.

బూటు తొడిగాక రెండు ప్రశ్నలు వస్తాయి. ‘సా సెర్?’ అంటే బిగుతుగా ఉందా అని. ‘సా ఫే మాల్?’ అంటే నొప్పిగా ఉందా అని. స్కీ బూటు బిగుతుగానే ఉండాలి, నొప్పి మాత్రం పెట్టకూడదు. నిటారుగా నిలబడితే కాలివేళ్లు బూటు ముందు గోడకి తగిలాయి. షాపతను నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని క్లిప్పులు బిగించి ‘ఫ్లేషీ’ అన్నాడు, తన మోకాళ్లు ముందుకు నెట్టి చూపిస్తూ. నేనూ అలాగే వంచాను. మడమ వెనక్కి సర్దుకుంది, వేళ్లు వదులయ్యాయి. ఆ క్రియ అప్పుడు వచ్చింది, మళ్లీ పోలేదు. మడమని ‘తాలోఁ’ అంటారు, స్కీ వెనక కొసకీ అదే పేరు. ముందుకొస పేరు ‘స్పాత్యూల్’, వంటింట్లో అట్లకాడకి వాడే మాటే.

మోనిత్రీస్, అంటే మా స్కీ టీచరమ్మ, మొదటి పాఠమంతా రెండు మాటల చుట్టూనే నడిపింది: అమోఁ, అవాల్. వాలుకి అడ్డంగా నిలబడితే ఒక స్కీ కొండవైపు ఉంటుంది, ఇంకోటి లోయవైపు. కొండవైపుది స్కీ అమోఁ, లోయవైపుది స్కీ అవాల్. బరువు స్కీ అవాల్ మీద ఉండాలి. భయం వేస్తే మనిషి సహజంగా కొండవైపు ఒరుగుతాడు, ఒరగ్గానే కింది స్కీ పట్టు వదిలి జారిపోతుంది. అందుకే ఆమె ప్రతి కొన్ని గజాలకీ ఆపి అడిగేది: ‘నీ స్కీ అవాల్ ఏది? దాన్ని తట్టి చూపించు.’

గ్రూపులో ఉన్న ఫ్రెంచ్‌వాళ్లు కూడా కొందరు ఒక్క క్షణం తడుముకునేవాళ్లు. నాకు తడుముకోవాల్సిన అవసరం రాలేదు. అమోఁ, అవాల్ నదికి వాడే మాటలు. నేను విజయవాడలో పెరిగాను. ఎగువన శ్రీశైలంలో గేట్లు ఎన్ని ఎత్తారు, సాగర్ నుంచి ఎంత వదిలారు, దిగువన ప్రకాశం బ్యారేజీకి ఎంత చేరుతుంది అని వానాకాలమంతా వార్తల్లో వింటూ పెరిగినవాళ్లకి ఎగువ, దిగువ అనే దిక్కులు విడిగా నేర్పనక్కర్లేదు. కుడి ఎడమలు మనిషి తిరిగితే తిరిగిపోతాయి. ఒక్క మలుపు తిరిగితే ఇందాకటి దిగువ కాలు ఎగువకి పోతుంది. అందుకే వాలు మీద ‘కుడి కాలు’ అంటే పని జరగదు, ‘దిగువ కాలు’ అంటేనే జరుగుతుంది. పిస్త్ మీద, అంటే స్కీ కోసం గుర్తులు పెట్టిన దారి మీద, ముందు హక్కు ఎవరిదన్నది కూడా ఈ మాటల్లోనే ఉంది. పైనుంచి వచ్చేవాడే కిందివాడిని చూసుకుని తప్పుకోవాలి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాల్లో ఇదొకటి. యూరప్‌లో ఏ కొండ మీదైనా గుద్దుకుంటే మొదట అడిగేది ఎవరు అమోఁ, ఎవరు అవాల్ అనే.

ఇంకో సంగతి. కొత్తవాళ్లని ‘వూ’ అనాలని, అంటే ‘మీరు’ అనాలని క్లాసుల్లో మాకు నూరిపోశారు. కొండ మీద మొదటి నిమిషం నుంచే ‘త్యూ’. మా టీచరమ్మకి పాతికేళ్లు ఉంటాయేమో, గ్రూపులో రిటైరైన పెద్దాయన కూడా ఉన్నాడు, ఆయన్నీ ‘నువ్వు’ అనే పిలిచింది. విజయవాడలో అయితే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఇక్కడ కొండల్లో అదే ఆత్మీయత. నాకు దానివల్ల మేలే జరిగింది. విన్న క్రియలన్నీ ఏకవచనంలో, పొట్టిగా ఉండేవి: ఫ్లేషీ, వంచు. ఆప్యుయీ, నొక్కు. తూర్న్, తిరుగు. రెగార్ద్ ల్వేఁ, దూరం చూడు. సాయంత్రం ఇంటికొచ్చాక హాల్లో సాక్సులతో నిలబడి ఒక్కో మాట పైకి అని, ఆ కదలిక చేసేదాన్ని. మధ్యలో తెలుగు అర్థం గుర్తు తెచ్చుకోకుండా, మాట వెంటనే కదలిక. చెవిన పడ్డ మాటని తెలుగులోకి మార్చుకునేంత టైం వాలు ఇవ్వదు.

తర్వాతి మాటలు వాటంతట అవే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ‘షాస్-నేజ్’ అంటే స్కీల ముందుకొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం. రోడ్ల మీద మంచు తోసే బండి పేరు కూడా అదే. ‘దేరపాజ్’ అంటే కావాలని పక్కకి జారడం. రోడ్డు మీద కారు దేరపాజ్ చేస్తే ప్రమాదం, స్కీ మీద అది నేర్చుకుని సాధించాల్సిన విద్య. దానికి మూలం ‘కార్’, అంటే స్కీ అడుగు అంచున ఉండే ఉక్కు పట్టీ. కాలు కొండవైపు వాల్చి కార్‌ని మంచులోకి దింపితే స్కీ పట్టుకుని నిలుస్తుంది, మెల్లగా సమం చేస్తే వదిలి జారుతుంది. ఆ పట్టడం, వదలడం నా కాలికి తెలిసిన రోజున కాఫీ మెషీన్ దగ్గర సగం కబుర్లు అర్థమయ్యాయి. కార్ పట్టలేదంటే కింద గట్టి ‘వెర్గ్లా’ ఉందన్నమాట, అంటే నున్నటి మంచుగడ్డ పొర.

షామ్రూస్‌లో ఒక మధ్యాహ్నం మేము పైన ఉండగానే మేఘం దిగిపోయింది. దీన్ని ‘జూర్ బ్లాఁ’ అంటారు, తెల్లటి పగలు. నేలా ఆకాశం ఒకే తెలుపు. నీడ లేకపోవడంతో ఎత్తు ఏదో పల్లం ఏదో కంటికి ఆనదు. కదులుతున్నానో ఆగి ఉన్నానో తెలియక కడుపులో తిప్పింది. టీచరమ్మ మమ్మల్ని ఒకరి వెనక ఒకరిని వరసగా పెట్టి, కుడి అంచున పాతిన గుంజలు చూసుకుంటూ రమ్మంది. వాటిని ‘బలీజ్’ అంటారు. దిగేటప్పుడు కుడివైపు ఉండేవాటికి పైన వెడల్పాటి నారింజరంగు పట్టీ ఉంటుంది, ఎడమవైపువాటికి సన్నగా ఉంటుంది. వాటి మీద నంబర్లు పైనుంచి కిందికి తగ్గుతూ వస్తాయి. ఒకటో నంబరు వచ్చిందంటే పిస్త్ అయిపోయినట్టు. ఆమె ముందు జారుతూ గొంతెత్తి చెప్పేది: ‘ఆప్యుయీ అవాల్... దేరాప్... స్టాప్. బలీజ్ సెత్.’ మేము ఒక్కొక్కరం ఆ ఏడో నంబరు తిరిగి చెప్పాలి, ఎవరూ తప్పిపోలేదని ఆమెకి తెలియడానికి. నా ముందున్న పెద్దాయన జాకెట్ వీపు తప్ప నాకేమీ కనిపించలేదు. ఆమె గొంతు చెప్పింది చెప్పినట్టు కాళ్లు చేసుకుపోయాయి. అది ఫ్రెంచ్ అన్న ధ్యాసే లేదు. జాబితా చదివి ఉంటే ఈ పని జరిగేది కాదని నాకు ఆ రోజే తెలిసింది.

లిఫ్టుల మాటలు తేలిక. తేలేసియేజ్ అంటే కుర్చీల లిఫ్ట్, తేలేకాబీన్ అంటే క్యాబిన్ల లిఫ్ట్. తేలేస్కి ఉందే, కర్ర చివర గుండ్రటి పళ్లెం కాళ్ల మధ్య పెట్టుకుంటే తాడు పైకి లాక్కెళుతుంది. దాన్ని అందరూ ‘తీర్-ఫెస్’ అంటారు, పిరుదులు లాగేది అని. పళ్లెం మీద కూర్చోకూడదు, నిలబడే ఉండాలి. 1930లలో ఆల్ప్ దువేజ్‌లో ఇలాంటి లిఫ్టు కట్టిన జాఁ పొమగాల్స్కి తర్వాత పెట్టిన పోమా కంపెనీ ఈ గ్రెనోబుల్ ప్రాంతానిదే. మన గుల్మార్గ్ గొండోలా కట్టిందీ వాళ్లే. ఇక ఫోర్ఫే అంటే లిఫ్టు పాస్. దాన్ని ఎడమ జేబులో, ఫోన్‌కి దూరంగా పెట్టుకుంటే గేటు దానంతటదే తెరుచుకుంటుంది.

మంచు మాటలకి నేను ఎక్కువ టైం పెట్టాను. తెలుగులో మంచు అంటే పొగమంచూ అవుతుంది, గడ్డి మీద తడీ అవుతుంది, హిమాలయాల్లో కురిసేదీ అవుతుంది. ఇక్కడ కాలి కింద ఏముందో ముందే తెలిస్తే ఆ రోజు ఏ పిస్త్‌కి వెళ్లాలో తేల్చుకోవచ్చు. ‘పూద్రూజ్’ కొత్తగా పడ్డ పొడి మంచు, ఊదితే ఎగిరిపోతుంది. ‘క్రూతే’ అంటే పైన పెళుసు పొర, కింద మెత్తన, మోకాళ్లకి ఇదే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. ‘బెతోఁ’ అంటే కాంక్రీటులా బిగిసినది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి గడ్డకట్టి పొద్దున ఎండకి పైపైన కరిగినది ‘మొకెత్’, అంటే కార్పెట్. మధ్యాహ్నానికి అదే సూప్. ఒకే వాలు, ఒకే రోజు, మూడు పేర్లు. ‘ఈరోజు మంచు ఎలా ఉంది?’ అని లిఫ్టు దగ్గర పనిచేసేవాళ్లని అడగడం అలవాటు చేసుకున్నాను. విసుక్కోకుండా, ఏ పిస్త్ ఎన్ని గంటలకి బాగుంటుందో కూడా చెబుతారు.

మిగతా భాషల్లోకి వెళ్లడానికి నాకు వంతెన దొరికింది మోంజెనెవ్ర్‌లో. బ్రియాంసోఁ పక్కన సరిహద్దు మీదున్న ఊరది. 1907లోనే అక్కడ అంతర్జాతీయ స్కీ పోటీ జరిగింది. ఫ్రాన్స్‌లో లిఫ్టెక్కి ఇటలీలోని క్లావియేరె వైపు దిగొచ్చు. ఆ లిఫ్టుల వల 2006 ఒలింపిక్స్ జరిగిన సెస్త్రియేరె దాకా సాగుతుంది, పేరు వియా లాత్తెయా. సరిహద్దు దాటాక బోర్డులు మారతాయి. స్కీ అమోఁ కాస్తా ‘షి ఆ మోంతె’ అవుతుంది, స్కీ అవాల్ ‘షి ఆ వల్లె’. విడదీసి చూస్తే ఫ్రెంచ్‌లోనూ అంతే: మోఁ కొండ, వాల్ లోయ. ఇటాలియన్ నేను ఎక్కడా చదువుకోలేదు, అయినా పక్కన పాఠం చెబుతున్న టీచర్ మాటలు సగం అందాయి. స్పాత్సానేవె అంటే షాస్-నేజ్ అని, లామినె అంటే కార్ అని ఆయన పిల్లల కాళ్లు చూస్తేనే తెలిసిపోయింది. రంగుల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు పిస్త్‌లు ఉంటాయి. ఇటలీ, ఆస్ట్రియాల్లో సాధారణంగా నీలంతోనే మొదలు.

జర్మన్‌కి తోడు దొరికింది మ్యూనిక్‌లో ఉండే మా వరంగల్ స్నేహితురాలు. ఆస్ట్రియాలో తిరోల్‌కి కలిసి వెళ్లాం. బెర్గ్ కొండ, టాల్ లోయ. కాబట్టి బెర్గ్‌షీ, టాల్‌షీ. మళ్లీ అదే జత. ష్నేప్ఫ్లూగ్ అంటే మంచు నాగలి, అది షాస్-నేజే. పిల్లలకి దాన్నే ‘పిత్సా’ అని, స్కీలు సమాంతరంగా పెట్టడాన్ని ‘పొమెస్’, అంటే ఆలూ ఫ్రైస్ అని నేర్పుతున్నారు. జర్మన్‌లో రాసేది స్కీ అనే, పలికేది షీ. నార్వే వాళ్ల పలుకుబడీ దాదాపు అంతే. మాట వాళ్లదే కదా. గుంజల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీ పేరు స్లాలమ్ కూడా అక్కణ్నించి వచ్చిందే: ‘స్లా’ వాలు, ‘లోమ్’ జాడ. నిటారుగా దూసుకుపోవడాన్ని ఫ్రెంచ్‌వాళ్లు ‘తూ షుస్’ అంటారు, ఆ షుస్ జర్మన్‌ది. ఫ్రెంచ్ కొండలకి స్కీలు వచ్చిందే ఆలస్యంగా. గ్రెనోబుల్ దగ్గర ఉండే ఆఁరి ద్యూఅమెల్ 1878లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో స్కీలు చూసి తెచ్చుకుని షామ్రూస్ మీద ప్రయత్నించాడు. వస్తువుతో పాటు కొన్ని మాటలు కూడా ఉత్తరాది నుంచి దిగుమతి అవడంలో ఆశ్చర్యం లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఏ పుస్తకమూ కాదు, హిమపాతాల బులెటిన్. కొండవాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి దొర్లి వచ్చే ప్రమాదం ఎంతుందో చలికాలమంతా రోజూ ప్రకటిస్తారు. ఫ్రాన్స్‌లో ఆ పని వాతావరణ శాఖ మెతేయో-ఫ్రాన్స్‌ది, సాయంత్రం పూట పర్వత శ్రేణుల వారీగా వస్తుంది. స్విట్జర్లాండ్‌లో దావోస్ పరిశోధన సంస్థ ఇచ్చే బులెటిన్ జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, ఇంగ్లిష్ నాలుగింటిలోనూ ఒకేసారి వస్తుంది. నిపుణులు ముందే సిద్ధం చేసుకున్న వాక్యాల పట్టికలోంచి ఎంచుకుంటే, అవి వెంటనే మిగతా భాషల్లోకి మారిపోయేలా ఏర్పాటు చేసుకున్నారు. అంటే అవే వాక్యాలు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటాయి. భాష నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! పక్కపక్కన పెట్టుకుని రోజూ సాయంత్రం చదివేదాన్ని. ‘ప్లాక్’, ‘ష్నేబ్రెట్’, ‘లస్త్రోనె’: మూడూ ఒకటే, పలకలా ఒక్కపెట్టున విరిగే మంచు పొర. నేల మీది మొత్తం మంచుని ఫ్రెంచ్‌లో ‘మాంతో నేజ్యూ’, అంటే మంచు కోటు అంటారు. జర్మన్‌లో ‘ష్నేడెకె’, మంచు దుప్పటి.

ప్రమాదానికి యూరప్ అంతటా ఐదు మెట్లు ఉంటాయి. మూడో మెట్టు పేరు ఫ్రెంచ్‌లో ‘మార్కే’, జర్మన్‌లో ‘ఎర్హేప్లిష్’, ఇటాలియన్‌లో ‘మార్కాతొ’. ఐదింట్లో మూడంటే మధ్యరకమే కదా అనిపిస్తుంది. అలా అనుకోకూడదు. నాలుగు, ఐదు ఉన్న రోజుల్లో జనం ఇంట్లోనే ఉంటారు. మూడు ఉన్నప్పుడు ధైర్యంగా పిస్త్ దాటి వెళతారు, ప్రాణాలు ఎక్కువగా పోయేది కూడా అప్పుడే. మా ఆఫీసులో నలభై ఏళ్లుగా స్కీ చేస్తున్న పెద్దావిడ ఒకరున్నారు. పొద్దున బులెటిన్‌లో మార్కే అని చూస్తే బ్యాగు మళ్లీ విప్పి, మ్యాపు తీసి కూర్చుంటారు. మాటని ఎంత బరువుగా తీసుకోవాలో నేను ఆవిడ్ని చూసి నేర్చుకున్నాను.

ఈ మధ్య కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. ‘అక్కా, శనివారం మా క్లాసువాళ్లు షామ్రూస్ పోదామంటున్నరు. ఏ మాటలు ముందు నేర్చుకోమంటవు?’ అంది. ‘ముందు అమోఁ, అవాల్ నేర్చుకో. తర్వాత ఫ్లేషీ, ఆప్యుయీ, స్టాప్. వస్తువుల పేర్లు షాపులో అవే వస్తాయమ్మా’ అని చెప్పాను. ‘మరి ఎవరికన్నా దెబ్బ తగిలితే?’ అని తనే అడిగింది. మంచి ప్రశ్న. ఇక్కడివాళ్లు వరసగా మూడు క్రియలు గుర్తు పెట్టుకుంటారు: ప్రొతేజే, అలెర్తే, సెకూరీర్. కాపాడు, కబురు పెట్టు, సాయం చెయ్యి. ముందు పడిపోయిన మనిషికి అమోఁ వైపు, కొన్ని గజాల పైన, రెండు స్కీలు ఇంటూ గుర్తులా మంచులో గుచ్చాలి, పైనుంచి వచ్చేవాళ్లకి కనబడేలా. తర్వాత ‘పిస్తర్’లకి, అంటే కొండ మీది రక్షణ సిబ్బందికి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు పిస్త్ మ్యాపు మీద ఉంటుంది. దొరక్కపోతే 112. పిస్త్ పేరు, దగ్గర్లో ఉన్న బలీజ్ నంబరు, దెబ్బ ఎక్కడ తగిలింది, మనిషికి తెలివుందా లేదా, ఇవి చెబితే బయల్దేరతారు. ఆ వాక్యాలు ఫ్రెంచ్‌లో, కింద తెలుగు లిపిలో పలుకుబడితో సహా టైప్ చేసి అప్పుడే పంపించాను. మ్యాపు మీది నంబరు బస్సెక్కకముందే ఫోన్‌లో సేవ్ చేసుకోమని కూడా చెప్పాను.